పన్నెండో మూల

ల్యాబులో అందరూ ఆమెను ముఖాన "అక్కా" అనేవారు, వెనక "మిరపకాయ" అనేవారు. రెండో పేరు ఆమెకూ తెలుసు, దానికి కోపం లేదు. పదహారేళ్లుగా ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు నడుపుతున్న మనిషి. కాంట్రాక్టు ఉద్యోగం, ఏడాదికోసారి ల్యాబు నడిపే పెద్దసారు సంతకం పెడితే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. ఆమెకు డాక్టరేటు లేదు. ఆమె తీసిన బొమ్మలు పట్టుకుని డాక్టర్లయిన వాళ్లు మాత్రం లెక్కలేనంతమంది.

ఆ పనికి ఓపిక కాదు, మొండితనం కావాలి. చొక్కా గుండీ కంటే చిన్న రాగి జల్లెడ మీద వైరస్ కలిపిన నీటిబొట్టు వేయాలి, కాగితం ఆనించి తడి పీల్చాలి, రెప్పపాటులో గడ్డ కట్టించాలి. క్షణం అటూ ఇటూ అయితే మంచు పలుకులు పడి రోజంతా చేసిన చాకిరీ మట్టిపాలు.

పెద్దసారు ఆ గది గడప తొక్కిన పాపాన పోలేదు. ఆయనకు కావలసింది చివర్లో వచ్చే రంగుల బొమ్మ: ఇరవై ముఖాలు, పన్నెండు మూలలు ఉన్న వైరస్ పెంకు. మూలలన్నీ ఒక్కలాంటివేనని కంప్యూటరుకు ముందే చెప్పేస్తారు. అది వేల బొమ్మలు పేర్చి, మూలలన్నిటినీ కలిపి సగటు తీస్తుంది. బొమ్మ ముచ్చటగా వస్తుంది. కానీ ఏ ఒక్క మూలో వేరుగా ఉందా, మిగతా పదకొండూ కలిసి దాన్ని మింగేస్తాయి.

మిరపకాయ ఆ వేరే మూలను చూసింది. ఇసుక చల్లినట్టుండే ముడి బొమ్మల్లో, కొన్ని పెంకులకు ఒక పక్క చిన్న బుడిపె. వారం రోజులు కళ్లు కాయలు కాచేలా చూసి, పెద్దసారు గదికి వెళ్లింది.

"సార్, ఒక మూల తేడాగా ఉంది. అన్నీ ఒకటే అనుకోకుండా ఒక్కసారి లెక్క కట్టించండి."

"మంచు సరిగ్గా పట్టి ఉండదమ్మా. మీరు జల్లెడలు చూసుకోండి, ఆలోచన మాకొదిలేయండి."

"మంచో కాదో నాకు తెలీదా? పదహారేళ్ల నుంచి ఇక్కడ గాడిదలు కాస్తున్నానా?"

ఆయన తలుపు చూపించాడు. ఊరుకునే రకమా ఆమె! సెలవు రోజుల్లో కంప్యూటరు ఖాళీగా ఉన్నప్పుడు తనే ఆ లెక్క నడిపించింది. మూడో వారానికి తేలింది. పన్నెండో మూలలో ఒక ద్వారం ఉంది, లోపలి జన్యుపదార్థం బయటికి పోయే దారి. ఆ సంతోషం పట్టలేక ఒక్కతే కూర్చుని ఏడ్చింది. బొమ్మ తీసుకెళ్లి పెద్దసారు బల్ల మీద పెడితే, ఆయన చాలాసేపు చూసి "బానే ఉంది" అన్నాడు. అంతే.

రెండు నెలలకు వ్యాసం తయారైంది. రచయితలు ఆరుగురు. ఆమె పేరు అడుగున, కృతజ్ఞతల్లో, నైట్రోజన్ సిలిండర్లు మోసేవాడి పేరు పక్కన. ఒళ్లు మండి వెళ్లి నిలదీసింది.

"రచయితలంటే ఊరికే అయిపోతారా?" అన్నాడు పెద్దసారు నవ్వుతూ. "వచ్చే నెల మీ కాంట్రాక్టు అయిపోతోంది, గుర్తుందిగా?"

"పోనీలేవే, పేరు కూడు పెడుతుందా?" అన్నాడు ఇంట్లో మొగుడు. "నువ్వు నోర్మూసుకో" అందామె. ఆ రాత్రి అన్నం సయించలేదు.

ఆ వారంలోనే సెమినారు. హాలు కిటకిటలాడుతోంది. "నేను మొదటిసారి ఈ ద్వారాన్ని గమనించినప్పుడు..." అని ఎత్తుకున్నాడు పెద్దసారు. వెనక వరుసలో ఆమె పళ్లు పటపట కొరికింది. చివర్లో, వేరే ఊరి నుంచి వచ్చిన పెద్దావిడ, ఆవిడా శాస్త్రవేత్తే, చెయ్యెత్తింది.

"ముడి బొమ్మల్లోనే కనిపించిందన్నారు కదా. ఒకటి వేలు పెట్టి చూపిస్తారా?"

ముడి బొమ్మ తెర మీదికి వచ్చింది. వందల చుక్కలు. పెద్దసారు వేలు ఒకచోటికి వెళ్లింది, ఆగింది, ఇంకోచోటికి వెళ్లింది. మెడ మీద చెమట పట్టింది. ఆఖరికి వెనక్కి చూసి, "ఏమ్మా, ఒకసారి వచ్చి చూపించండి" అన్నాడు.

ఆమె లేచింది. తెర దగ్గరికెళ్లి చకచకా మూడుచోట్ల వేలు పెట్టి, హాలు వైపు తిరిగింది.

"చూసింది నేను. లెక్క కట్టించింది నేను. వ్యాసంలో ఆరు పేర్లున్నాయి, నాది లేదు. ఎందుకు లేదో సారునే అడగండి."

హాలంతా పెద్దసారు వైపు తిరిగింది. ఆయన మంచినీళ్ల గ్లాసు అందుకున్నాడు.

వ్యాసం అచ్చయింది, రెండో పేరు ఆమెదే. కాంట్రాక్టు కాగితం మాత్రం రాలేదు. ఒక రోజు పొద్దున్నే ఆమె కార్డు పెడితే గది తలుపు తెరుచుకోలేదు. అద్దంలోంచి చూస్తే, పెద్దసారు శిష్యుడొకడు జల్లెడ మీద జల్లెడ పాడుచేస్తూ తనలో తాను తిట్టుకుంటున్నాడు.

"కాగితం ఇంకో సెకను ఆనించి ఉంచరా, మొద్దూ!" అని బయటి నుంచే అరిచింది. లోపలికి వినపడలేదు. ఆమె అక్కడే, తలుపుకు చేరగిలబడి, భోరున ఏడ్చింది.