మైసమ్మకు గడ్డితాడు

డెబ్బైల్లో బాన్సువాడ దగ్గర, కాలువ కింద మేం కొన్న పొలం నడుమ ఓ రాయి ఉండేది. పసుపు రాసి, కుంకుమ పెట్టిన మైసమ్మ. తరతరాలుగా ఆ ఊళ్లోనే ఉన్న పక్క పొలం అక్క, ఏటా అక్కడ కొబ్బరికాయ కొట్టాకే తన మడిలో నాట్లు వేయించేది. కోస్తా నుంచి వచ్చిన మా మామగారికి మాత్రం అది బురద దున్నే దమ్ముకు అడ్డం. "రేపు ట్రాక్టరొస్తుంది, ఆ రాయి తీయించేస్తా" అన్నారు. అమ్మ కదిలితే ఊరికి అరిష్టమని అక్క ఏడుస్తుంటే నాకు ముద్ద దిగలేదు.

మామగారితో వాదించడం గోడకు చెప్పుకోవడమే. ఆయన నమ్మిన దేవుడు జపాను! వరసల్లో నాటే జపాను పద్ధతి నేర్చుకున్నప్పటి నుంచీ ఆ దేశం పేరెత్తితే చాలు, పొంగిపోయేవారు.

ఆ సాయంత్రం లైబ్రరీ నుంచి తెచ్చుకున్న పాత వారపత్రికలో జపాను వాళ్ల షింటో మతం గురించి చదువుతుంటే నా ఒళ్లు ఝల్లుమంది. కొండలో, వాగులో, రాతిలో, వరిలో కూడా 'కామి' ఉంటుందట. ఎక్కడో పైన కూర్చున్న దేవుడు కాదు, అక్కడే ఉండే శక్తి. మర్యాద చేస్తే చల్లగా చూస్తుంది, లేదంటే కన్నెర్ర చేస్తుంది. కామి ఉన్న రాతికి గడ్డితాడు చుడతారట. అచ్చం మా మైసమ్మే! పొయ్యి మీద పాలు వదిలేసి వాకిట్లోకి పరిగెత్తాను.

"మామయ్యగారూ, ఇలాంటి రాళ్లకి జపాను వాళ్లు మొక్కుతారంట!"

"ఎవరూ, జపాను వాళ్లా?" కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివారు. "వాళ్లు ఊరికే చెయ్యరమ్మా ఏదీ!"

తెల్లారి ట్రాక్టరు రాయిని వదిలేసి దాని చుట్టూ దమ్ము చేసింది. నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. అంతటితో ఊరుకుంటే ఆయన మా మామగారెందుకవుతారు? వరిగడ్డితో తాడు పేని రాతికి బిగించారు.

కాసేపటికి గట్టు మీద అక్క కేక. "ఏంది చెల్లె గిది! అమ్మను బర్రెను కట్టేసినట్టు కట్టేసిండ్రు!"

నవ్వు, భయం ఒక్కసారే వచ్చాయి నాకు. జపాను సంగతంతా గుక్క తిప్పుకోకుండా చెప్పాను.

"గాళ్లకు గూడ గిసొంటి అమ్మ ఉన్నదా? కోపం గూడ వస్తదా?"

"వస్తుందట అక్కా!"

"ఇగ మన అమ్మనే" అని అక్క తేల్చేసింది.

మరుసటేడు నాట్లకు కొబ్బరికాయతో పాటు కొత్త గడ్డితాడు కూడా ఆమే పేని తెచ్చింది. "మీ మామను పిలువు చెల్లె, కట్టుడు ఆయనకే వస్తది" అంది. మామగారు వచ్చి శ్రద్ధగా కట్టారు. చేతులు జోడించి "చల్లగా చూడు తల్లీ" అన్నారు. జపాను ఊసే ఎత్తలేదు.