నాష్టా యాళ్ల చంద్రగ్రహణం

మొన్న శుక్రవారం మా కిషన్‌బాగ్ మసీదు మైకుల ఒక పేరు చెప్పి, కాలం చేసిండ్రు, అసర్ నమాజు తర్వాత జనాజా అన్నరు. గల్లీల ఎవ్వరికీ ఆ పేరు తెల్వలె. పాలాయన ఎవరని అడిగితె పక్కింటాయన "గదే, నాష్టాచాంద్" అన్నడు. అప్పుడు అందరికీ తెలిసింది. నాకూ అప్పుడే తెలిసింది. ఆ ఎగతాళి పేరు ఆయనకు అంటుకున్నది నా నోటి వల్లనే.

నేనైతె ఇంజను భాయ్ అంటుంటి. మా ఇంటికి మూడిండ్ల అవతల ఉండె, డీజిల్ ఇంజన్ల మిస్త్రీ. పెండ్లిల జనరేటర్ ఆగిపోతె పిల్ల తరఫోళ్లు, పిలగాని తరఫోళ్లు కలిసి ఆయన మీద వడేటోళ్లు. ఆయన స్క్రూడ్రైవర్ కొన ఇంజనుకు, పిడి చెవికి ఆనిచ్చి కండ్లు మూసుకునేటోడు. "లొల్లి బంద్ చెయ్యుండ్రి, అది తన బాధ చెప్పుకుంటున్నది" అంటుండె.

ఆ చెవి పుణ్యాననే సర్కారోళ్లు ఒక ఏడాది ఆయనను దక్షిణ ధ్రువం దిక్కు మంచుగడ్డ మీదికి తోలిండ్రు. ఆడ మనోళ్లు పరిశోధన చేసే కట్టడం ఒకటున్నది. చలికాలమంత చీకటే. ఇంజను ఆగితె అందరం ఆగుతుంటిమి అని చెప్పేటోడు. తిరిగొచ్చినంక చప్పుడు లేంది నిద్రవట్టకపోయేది. పుష్యమాసంల సుత కూలర్ నడిపిస్తె, ఆయన బీబీ రెండు రజాయిలు కప్పుకొని పండేది.

వచ్చిన కొత్తల ఇరానీ హోటల్ల మాకు ఒక్కటే సంగతి చెప్పిండు. ఆడ సంపూర్ణ చంద్రగ్రహణం వట్టిందట. గడియారంల పొద్దుగాల ఎనిమిది. అందరు నాష్టా ఇడిచిపెట్టి బయటికి ఉరికిండ్రట. ఈయన గ్రహణం నమాజుకు నిలవడ్డడు. మక్కా ముందట, చంద్రుడు వీపెనుక.

"నేను చంద్రుణ్ణి చూడలేదన్నా. ముందల మంచు మీద నా నీడ ఉండె, మస్తు పొడుగు. చూస్తుంటనే పలచగయ్యింది, పోయింది. నేను ఉన్ననో లేనో తెల్వలె. ఇంజను చప్పుడు ఒక్కటే ఉండె."

హోటలంత గప్‌చుప్ అయ్యింది. అప్పటిదాక ఆ హోటల్ల లేనిపోని కతలు చెప్పి మందిని గట్ల కూసోబెట్టింది నేనొక్కన్నే. నాకు ఓర్వబుద్ధి కాలె.

నా చదువు సంగతి చెప్పాలె. బడిల చదివింది ఐదు. మిగిలిందంత ఉస్మాన్‌గంజ్‌ల నా పసుపు దుకాణంల, పొట్లాలు కట్టే పాత రద్దీ కాయితాల మీద చదివిందే. ఒక కాయితంల రాజు యుద్ధానికి పోతడు, ఆయన గెలిచిండో లేదో ఎవరో పావుకిలో పసుపుతోని ఇంటికి కొంటవోతరు. గసుంటి చదువుతోని లేచి, బిస్కట్‌ను భూమి చేసిన, నిమ్మకాయను చంద్రుణ్ణి చేసిన, చాయ్ గిలాసను సూర్యుణ్ణి చేసిన. పున్నమి చంద్రుడు పొద్దు పొడవంగనే మునగాలె గద, ఎనిమిదింటికి నీ చాంద్ నాష్టాకు ఆగిండా భాయ్ అన్న. అందరు పడి పడి నవ్విండ్రు. ఆడ చలికాలంల పున్నమి చంద్రుడు కొన్ని దినాలు మునగనే మునగడు, చుట్టు తిరుగుతడు అన్నడాయన. ఇంక నవ్విండ్రు. ఆయన గూడ నవ్విండు గని, చాయ్ తాగకుంట లేచిపోయిండు. ఇరవై ఏండ్లాయె, ఆ సంగతి మళ్ల ఎత్తలె. ఆయన కొడుకును గూడ నాష్టాచాంద్ కొడుకనే పిలిచిండ్రు.

మూడేండ్ల కింద రద్దీల అట్ట లేని పిల్లల పుస్తకం ఒకటొచ్చింది. ఆయన చెప్పింది చెప్పినట్టే అండ్ల ఉన్నది. పొద్దే పొడవని చోట ఎనిమిదైతేంది, పన్నెండైతేంది. నేను భూమిని బిస్కట్ చేసిన. బిస్కట్‌కు ధ్రువాలు యాడుంటయి?

ఆ కాయితం చింపి జేబుల వెట్టుకొని ఎన్నిసార్లు ఆయన ఇంటికి పోయిననో. మోకాళ్ల నొప్పులు మాట్లాడిన, గుడిమల్కాపూర్ల బంతిపూల ధర మాట్లాడిన. కాయితం జేబులకెల్లి తియ్యకుంటనే ఇంటికొచ్చిన. పోయిన నెల ఆయన మంచంల ఉన్నడు, కిడ్నీలు పోయినయి. నేను ఏవో ముచ్చట్లు చెప్పుకుంటనే పోతున్న. ఆయన కండ్లు మూసుకొని ఇని ఇని, "నీ ఇంజను తేడా కొడుతున్నదన్నా. లోపట ఏదో ఉన్నది" అన్నడు.

"ఏం లేదు భాయ్. ఊకెనే వచ్చిన" అన్న.

మొన్న ఆయనకు మట్టి ఇచ్చినంక హోటల్ల అందరి ముందల కాయితం పరిచి, ఆయన అబద్ధమాడలేదు, తప్పు నాదే అని చెప్పిన. పసుపు సేట్ మళ్ల ఒకటి ఎత్తుకున్నడు అని నవ్విండ్రు. ఎంత ఒట్టు పెడితె అంత నవ్విండ్రు. నా మాటను నమ్మేటట్టు నేనెన్నడు బతకలె, అది నాకు అప్పుడెరుకైంది.

తెల్లారి ఖబ్రస్తాన్‌కు పోయిన. పచ్చిమట్టి కాడ నిలవడి, నువ్వు చెప్పింది నిజమే భాయ్ అని గట్టిగనే అన్న. పక్కన ఇంకో గుంత తవ్వుతున్నాయన తలెత్తి, ఎవరితోని మాట్లాడుతున్నవ్ సేట్ అని అడిగిండు. ఎవ్వరితోని లేదన్న. ఆయన చెమట తుడుసుకొని మళ్ల గడ్డపార ఎత్తిండు. గుంత అప్పటికి ఆయన మోకాళ్లదాక వచ్చింది.