అమ్మ చెంప కమిలిన రోజు

దీపావళి రాత్రి, నిద్రపోయిన నా కొడుకు చేతిలోంచి రీలు తుపాకి తీస్తుంటే మందు వాసన వచ్చింది. చిట్యాల దగ్గర మా ఊళ్లో, అమ్మ చెంప కమిలిన రోజు కూడా ఇదే వాసన.

ఆ వారమే పక్కింట్లో దొంగలు పడ్డారు. బాపు పనిమీద భూపాలపల్లికి పోయిన రాత్రుల్లో ఇంట్లో అమ్మా నేనే. గోడకున్న బాపు లైసెన్సు తుపాకి చూపించి, "కాల్చుడు నాకు గూడ నేర్పు" అంది అమ్మ.

బాపు నవ్వాడు. "ఆడిదానివి, నీకెందుకే?"

"దొంగలు నువ్వున్నప్పుడే వస్తరా?"

మర్నాడు ఇద్దరూ ఊరవతల మా చెలకకు పోయి వచ్చారు. అమ్మ చెంప నల్లగా కమిలి ఉంది. బాపే కొట్టాడనుకుని ఆయన కలిపిన ముద్ద నేను తినలేదు. ఎదురింటి అవ్వ కూడా అట్లే అనుకుంది. "మొగడన్నంక కొడ్తడు, ఓర్సుకో బిడ్డా."

"కొట్టింది ఆయన గాదవ్వా, తుపాకి. భుజానికి గట్టిగ ఆనించలే, కాల్చంగనే ఎన్కకు తన్నింది. రేపు మళ్ల పోత."

పోయింది కూడా. గురికి పెట్టడానికి పాత కుండలు మోసుకుంటూ వెనకాల బాపు.

ఆ తుపాకి ఎన్నడూ ఎవరి మీదా పేలలేదు. ఇంట్లో పిల్లాడూ నేనే ఉన్న ఈ రాత్రి, గొళ్లెం మూడుసార్లు చూసుకున్నా నిద్రపట్టని నాకు ఇప్పుడు తెలుస్తోంది, బాపు లేని రాత్రుల్లో కూడా అమ్మ అంత హాయిగా ఎట్లా గురకపెట్టేదో.