నుమాయిష్ మైకులో మంద కేక

1950 తొలి నెలలు. ఏటా ఎగ్జిబిషన్ జరిగే హైదరాబాదు నుమాయిష్ మైదానంలో, నడిమి దారి మొదట్లో, చెక్కలతో కట్టిన చిన్న గది. మూడు వైపులా కిటికీలు. లోపల ఒక బల్ల, దాని మీద ఆంప్లిఫయర్, పక్కన గ్రామఫోన్, ముందు మైకు. అదే నా మొదటి కొలువు. తర్వాత నల్లగొండలో సొంత మైక్‌సెట్ దుకాణం పెట్టుకుని, చేతులు వణికే వయసు వచ్చేదాకా పెళ్లిళ్లకూ జాతరలకూ మీటింగులకూ హారన్లు కట్టాను. ఇన్నేళ్ల పనిలో మరిచిపోలేని సంగతి ఏదని ఎవరైనా అడిగితే మాత్రం ఆ చెక్క గదే కళ్లముందుకు వస్తుంది.

నాకు రోజూ డైరీ రాసే అలవాటు. ఆనాటి పేజీ ఇప్పుడు తీసి చూస్తే రెండే వాక్యాలున్నాయి. "హారన్లు నాలుగూ బాగా పలికినవి. సాయంత్రం ఒక పల్లెటూరి స్త్రీ మైకులో పిలిచింది." అంతకు మించి కాగితం మీద పెట్టే కాలం కాదది. పోలీసు చర్య జరిగి ఏడాది దాటింది. నగరంలో దీపాలు వెలిగాయి, దుకాణాలు తెరుచుకున్నాయి. మా జిల్లా పల్లెల్లో మాత్రం ఇంకా మిలటరీ క్యాంపులు, సోదాలు, అడవుల్లో దళాలు.

మా పని గురించి రెండు మాటలు చెప్పాలి. ఆంప్లిఫయర్ అంటే మైకులోంచి వచ్చిన సన్నటి శబ్దాన్ని పెంచి హారన్లకు పంపే పెట్టె. ఆ రోజుల్లో దాని లోపల గాజు బుడ్ల లాంటి వాల్వులు ఉండేవి. స్విచ్ వేసిన వెంటనే పలికేవి కావు. ముందు ఎర్రగా వెలిగి, వేడెక్కి, అప్పుడు గొంతు విప్పేవి. చలి సాయంత్రాల్లో ఆ పెట్టె మీద అరచేతులు కాచుకోవడం నాకు ఇప్పటికీ గుర్తే. హారన్ల ధ్వని తిరిగి మైకులోకే వస్తే పెట్టె కూత పెడుతుంది. దాన్ని ఫీడ్‌బ్యాక్ అంటారు. అందుకే హారన్ ఎప్పుడూ మైకుకు వీపు చూపించాలని మా ఉస్తాద్ చెప్పేవాడు.

ఉస్తాద్ మదార్ సాబ్‌ది షాద్‌నగర్ దగ్గరి పల్లె. పల్చటి గడ్డం, మెడకు ఎప్పుడూ ఒక ఉన్ని మఫ్లరు. ఉర్దూ ప్రకటనలు ఆయనవి, తెలుగువి నావి. ఆయన పెట్టిన నియమం ఒక్కటే. బయటివాళ్ల చేతికి మైకు ఇవ్వకూడదు. "ఎవడో ఏదో మాట్లాడ్తడు, జైలుకు మనం పోతం" అనేవాడు. ఆ రోజుల్లో అది ఉత్త బెదిరింపు కాదు.

మా పనిలో సగం తప్పిపోయినవాళ్లను పిలవడమే. చీరల దుకాణాల దగ్గర భార్య, మిర్చి బజ్జీల దగ్గర భర్త. పల్లెల నుంచి వచ్చిన ఆడవాళ్లు కిటికీ దగ్గర నిలబడి "మా ఇంటాయన కనవడ్తలేడు" అనేవారు. పేరు అడిగితే కొంగు నోటికి అడ్డం పెట్టుకునేవారు. మొగుడి పేరు నోటితో పలకడం తప్పు. అందుకని నేనొక పద్ధతి పెట్టుకున్నాను. "రాములా? లక్ష్మయ్యా? నర్సయ్యా? ఎల్లయ్యా?" అని వరసగా పేర్లు చదివేవాడిని. సరైన పేరు రాగానే ఆమె తల ఊపేది. ఒకసారి ఒక పెద్దావిడ నా జాబితా అంతా విని, "ఏం పిల్లగాడివయ్యా, ఊళ్లె మొగోళ్లనందర్ని పిలిచినవు, మా ముసలాయన్నే ఇడిసిపెట్టినవు" అని తిట్టింది.

ఆ రోజు పొద్దు వాలుతుండగా కిటికీ దగ్గరికి వచ్చిన మనిషికి ఇరవై ఏళ్లు దాటి ఉంటాయి. భుజం మీద నల్ల గొంగడి, కాళ్ల నిండా దుమ్ము. గొర్రెలు కాసే ఇంటి మనిషి అని చూడగానే తెలుస్తోంది.

"అన్నా, గీ డబ్బల పిలిస్తే గీ జాగంత ఇనవడ్తదా?"

"వినబడుతుందమ్మా. ఎవరు తప్పిపోయారు?"

"మా ఇంటాయన."

నేను అలవాటుగా మొదలుపెట్టాను. "రాములా? లక్ష్మయ్యా? మల్లయ్యా?" ఆమె తల ఊపలేదు. అడ్డంగా కూడా తిప్పలేదు. నావైపు చూస్తూ నిలబడింది. నాకు తెలిసిన పేర్లన్నీ అయిపోయాయి.

"పేరొద్దన్నా" అంది చివరికి. "పేరు పిలువకుంట పిలువాలె."

"పేరు లేకుండా ఎలా పిలుస్తానమ్మా?"

వెనక గ్రామఫోన్ దగ్గర రికార్డులు సర్దుతున్న ఉస్తాద్ తలెత్తి చూశాడు. తలుపు తీసి, "అందర్ ఆవ్ బేటీ" అని లోపలికి పిలిచి స్టూలు చూపించాడు. ఆమె కూర్చోలేదు. గొంతు తగ్గించి చెప్పింది.

ఆమెది ఆలేరు దగ్గరి పల్లె. ఆమె భర్త సంగం వాళ్లకు, అంటే కమ్యూనిస్టు దళాలకు, గుట్టల్లో దారి చూపించాడని పోలీసులు పేరు రాసుకున్నారు. ఏడాదిగా అతను ఇంటికి దూరం. ఈమధ్య ఊరివాడొకడు అతన్ని ఈ నుమాయిష్‌లో కూలి పని చేస్తుండగా చూశాడు. ఏ మూల, ఏ పేరుతో ఉన్నాడో చెప్పలేదు కానీ, కబురు మాత్రం తెచ్చాడు.

"బిడ్డ పుట్టెంటికలు తీస్తున్నం. ఎట్లనన్న జేసి వస్తనని చెప్పి పంపిండు. ఇయ్యాల రాత్రి బండికే ఎక్కుతడు సాబు. ఊర్ల నిన్న క్యాంపు వడ్డది. మా ఇంటి ఎనక కొట్టంల మనుషులు కాపుగాసి కూసున్నరు. వస్తే పాణం దక్కది. పొద్దటిసంది తిరుగుతున్న, గీ జనంల యాడ దొరుకుతడు?"

పేరు పిలిస్తే అతనికంటే ముందు పోలీసులే వింటారు. మా గదికి పది అడుగుల్లో చాయ్ కొట్టు. దాని ముందు బెంచీ మీద ఒక పోలీసు జవాను రోజూ ఆ వేళకు కూర్చునేవాడు. కోస్తా వైపు మనిషి. అప్పుడూ కూర్చునే ఉన్నాడు.

"మరి పేరు లేకుంట ఆయనకెట్ల తెలుస్తది?" అన్నాడు ఉస్తాద్.

"మంద కేక ఏస్త సాబు. మాకు రెండు కేకలుంటయ్. ఒకటి పొద్దుమీకి ఇంటికి రమ్మనేది. ఇంకోటి తోడేలొచ్చింది, గీ దిక్కు రావద్దు, మంద మలుపుమనేది. గా కేక ఇంటె గొర్లు గూడ ఎనక్కి మర్లుతయ్. ఆయనకు తెల్వదా?"

ఉస్తాద్ లేచి తలుపు దగ్గరగా వేశాడు. ఆయన తమ్ముడు ఒక జిల్లా పట్నంలో చిన్న కొట్టు నడిపేవాడు. పోలీసు చర్య రోజుల తర్వాత అతని జాడ తెలియలేదు. ఆ సంగతి నాకు తెలుసు. అయినా ఉస్తాద్ నోట అంతవరకూ వినలేదు.

"మా తమ్ముడు గూడ యాడనో ఉన్నడు బేటీ" అన్నాడు మెల్లగా. "పేరు పెట్టి పిలిచే ధైర్యం నాకూ లేదు." నావైపు తిరిగాడు. "అరే నర్సిమ్లు, రికార్డు ఆపు."

పాట ఆగేసరికి మైదానమంతా ఒక్కసారి బోసిపోయినట్టయింది. ఉస్తాద్ మైకు ముందుకు వంగి, రోజూ దుకాణాల పేర్లు చదివే గొంతుతోనే ఉర్దూలో, ఆ తర్వాత తెలుగులో చెప్పాడు. "మెహర్బాన్, ఇప్పుడు ఒక తమాషా. మన పల్లెల్లో గొర్రెల కాపరులు మందను ఎట్ల పిలుస్తరో వినుండ్రి. పట్నం పిల్లలు చెవులు జాగ్రత్త!" దగ్గర్లో ఉన్నవాళ్లు నవ్వుకుంటూ కిటికీ దగ్గర మూగారు.

ఆమె మైకును చూడనైనా లేదు. కిటికీలోంచి పైకి, స్తంభం మీది హారన్ వైపు మొహం ఎత్తి నిలబడింది. మాట్లాడేది అదే కాబట్టి దానితోనే చెప్పుకోవాలనుకున్నట్టుంది. నేను మైకు ఎత్తి ఆమె ముందు పట్టాను. గొంతు సవరించుకునేసరికే పెట్టె కూత పెట్టింది. ఉస్తాద్ ఆమెను భుజం పట్టి వెనక్కి జరిపాడు. "దూరం, దూరం. గుట్టలకు ఇనవడే గొంతు నీది. మా వాల్వులు పోతయ్." ఆమె గోడకు ఆనుకుంది.

ఆ కేకను అక్షరాల్లో పెట్టలేను. కింది నుంచి మొదలై, కొండ ఎక్కినట్టు ఎక్కి, చివర నాలుక కొట్టుకుంటూ కత్తితో కోసినట్టు టక్కున ఆగింది. నాలుగు హారన్లూ ఒక్కసారే పలికాయి. చీరల దుకాణాల మీదుగా, ఇనుప సామాను వరసల మీదుగా, రంగులరాట్నం దాకా పోయింది. కింద ఎవరో ఈల వేశారు. వెంటనే కుర్రాళ్లు అన్ని మూలల నుంచీ వెక్కిరింపుగా అవే కేకలు పెట్టడం మొదలుపెట్టారు. ఒకటి ఇటు, ఒకటి అటు. నవ్వులు, చప్పట్లు. అంత గోలలో నాకేమీ తేడా తెలియలేదు. ఆమె మాత్రం కిటికీ చువ్వ గట్టిగా పట్టుకుని, కళ్లు మూసుకుని వింటోంది.

చాయ్ గ్లాసుతో జవాను కిటికీ దగ్గరికే వచ్చాడు. నేను మైకు కిందికి దించాను.

"భలే ఉందయ్యా!" అన్నాడు నవ్వుతూ. "మా ఊళ్లోనూ గొర్రెలున్నాయి గానీ ఇంత గొంతు ఎవరికీ లేదు. ఏమమ్మా, ఇంకోసారి అను."

ఉస్తాద్ ఏదో అనబోయాడు. ఆమే కళ్లు తెరిచి జవాబు చెప్పింది. "ఒక్కపాలే అయ్యా. రెండుసార్లు అంటె మంద బెదిరిపోతది."

"ఇక్కడ మంద ఎక్కడుందమ్మా?"

"గిదంత మందనే గదయ్యా" అంది జనాన్ని చూపిస్తూ.

జవాను పగలబడి నవ్వి, గ్లాసు తిరిగి ఇవ్వడానికి కొట్టు వైపు వెళ్లిపోయాడు. నేను రికార్డు మీద ముల్లు పెట్టాను. తొందరలో పాట మధ్యలోంచి మొదలైంది.

"ఇన్నడు" అంది ఆమె. "జవాబిచ్చిండు. గా పెద్ద చక్రం దిక్కుకెళ్లి."

"అంతమంది అరిచారు కదమ్మా, ఆయనదేదో ఎలా తెలిసింది?"

"ఆయన గొంతు ఆఖర్ల జర ఇరుగుతదన్నా. చిన్నప్పుడు జెరమొచ్చినకాడి నుంచి గట్లనే."

ఉస్తాద్ తన మఫ్లరుతో మొహం తుడుచుకున్నాడు. "పోయి చూసి రా బేటీ. దూరం నుంచే చూసి రా."

ఆమె తల అడ్డంగా ఊపింది. "నన్ను జూస్తే ఆగడు సాబు. ఇంటికి పోదాం పా అంటడు. నేను గూడ ఒద్దనలేను." గొంగడి తలమీదికి లాక్కుంది. రంగులరాట్నం వైపు కాదు, గేటు వైపు నడిచింది. భర్త ఉన్న చోటికి వీపు చూపించి, జనంలో ఒక్కసారైనా వెనక్కి తిరగకుండా వెళ్లిపోయింది. మేము ఆమె పేరు అడగలేదు. ఆమె చెప్పనూ లేదు.

పెట్టె మూసేసే వేళ ఉస్తాద్ ఒక్క మాట అన్నాడు. "దేఖా? మనం పేర్లు పిలుస్తం. మనుషులు గొంతు గుర్తుపడ్తరు."

ఆ మర్నాటి నుంచి నా పద్ధతి మారింది. తప్పిపోయిన పిల్లల కోసం తల్లులు వస్తే పేరు, వయసు, చొక్కా రంగు రాసుకుని నేను చదవడం మానేశాను. "ఇంట్లో ఎట్ల పిలుస్తరో అట్లనే పిలువుండ్రి" అని మైకు వాళ్ల ముందే పెట్టాను. ఉస్తాద్ తన నియమాన్ని తానే మరిచిపోయినట్టు ఊరుకున్నాడు. పెద్ద గొంతుతో మర్యాదగా పేరు చదివితే కదలని పిల్లలు, "ఓ చిట్టీ!" అని తల్లి పిలిస్తే ఏ మూల నుంచైనా ఏడుస్తూ పరుగెత్తి వచ్చేవాళ్లు. నా దుకాణంలోనూ ఆ పద్ధతి చివరిదాకా అలాగే నడిచింది. ఉస్తాద్ తమ్ముడి కబురు మాత్రం రాలేదు. ఆయన పోయేదాకా ప్రతి నుమాయిష్‌లోనూ తాళం వేసే ముందు ఖాళీ మైదానం వైపు కాసేపు చూస్తూ నిలబడేవాడు.

ఏళ్లు గడిచాయి. ఒక వేసవిలో ఆలేరు దగ్గరి ఊళ్లో పెళ్లికి మైక్‌సెట్ పట్టుకుపోయాను. పందిట్లో హారన్ కడుతుంటే పెళ్లికూతురి తల్లి కిందనుంచి నన్నే చూస్తోంది.

"అన్నా, నీ డబ్బలు ఇంక కూతవెడ్తున్నయా?"

నిచ్చెన మీదే ఆగిపోయాను. జుట్టు నెరిసింది కానీ అదే గొంతు. ఆ రాత్రి అతను ఊరి బండి ఎక్కలేదనీ, అటునుంచి అటే షోలాపూర్ మిల్లులకు పోయాడనీ, కేసులు పోయాక మంచిగా ఇంటికి చేరాడనీ చెప్పింది. రంగులరాట్నం చేత్తో తిప్పే కూలి అట. కేక వినగానే చెయ్యి వదిలేసి జవాబిచ్చాడట. "పైన కూసున్నోళ్లు లబోదిబోమన్నరంట. ఇప్పటికీ నన్నే తిడ్తడు, నీ కేకతోని నా కూలి పోయిందని" అని నవ్వింది.

ఇంతలో పంతులు తొందరపెట్టాడు. కాళ్లు కడిగే వేళయింది, పెళ్లికూతురి తండ్రి ఎక్కడని. అతను గొర్రెల దొడ్డి దగ్గర ఉన్నాడన్నారు. నేను మైకు అందుకుని ఆమె వైపు తిరిగాను. పాత అలవాటు కొద్దీ "రాములా? లక్ష్మయ్యా?" అని మొదలుపెట్టి, నాకే నవ్వొచ్చి ఆగిపోయాను. మైకు ఆమె ముందు పెట్టాను.

ఆమె నేర్చుకున్నదాన్ని మరిచిపోలేదు. తానే రెండడుగులు వెనక్కి జరిగింది. ఈసారి వేసింది నేను అంతవరకూ వినని కేక. పై నుంచి మొదలై, వాలు దిగినట్టు నెమ్మదిగా కిందికి దిగి, ఇంటి ముంగిట ఆగినట్టు ఆగింది. నుమాయిష్‌లో ఆమె వేయలేకపోయిన కేక, ఇంటికి రమ్మనేది.

దొడ్డి దిక్కు నుంచి జవాబు వచ్చింది. చివర్లో కొద్దిగా విరిగింది. ఆ వెనకే అతను, తలకు కొత్త రుమాలు చుట్టుకుంటూ, పరుగులాంటి నడకతో పందిట్లోకి వచ్చాడు.