ఫ్లూ కావాలని మొక్కిన ఇల్లు

ఈ వానలకు మా చింతాద్రిపేట వీధిలో ఇంటికొకరు దగ్గుతున్నారు. పొద్దున మా చెల్లెలి కూతురు ఫోన్ చేసి, "పెద్దమ్మా, ఫ్లూ టీకా వేయించుకున్నావా లేదా?" అని గద్దించింది. వేయించుకున్న తేదీ చెప్పాను. "అది పోయినేటిది. ఈ ఏడు వైరస్ వేషం మార్చింది, మళ్లీ పో" అంది. ఫ్లూ పేరెత్తితే జనం ముక్కు మూసుకుంటారు. నాకు మాత్రం దానిమీద కాస్త అభిమానం. ఎందుకో చెప్పాలంటే నాలుగేళ్ల కిందటి వానాకాలంలోకి వెళ్లాలి.

అప్పుడు నేనూ, చెల్లెలూ, ఆ పిల్లా ఒకే ఇంట్లో ఉండేవాళ్లం. హెచ్ఐవికీ ఫ్లూకీ మందులు వెతికే ప్రయోగశాలలో దాని ఉద్యోగం. ఈ రెండు వైరస్‌లూ తమకు తాము నకళ్లు తీసుకుంటూ తప్పులు చేస్తాయట, ఆ తప్పుల వల్లే మందుకు దొరక్కుండా తప్పించుకుంటాయట. బడిలో లెక్కలు చెప్పి రిటైరైన దాన్ని, తప్పు చేసి లాభపడిన లెక్క నేనెక్కడా చూడలేదు. ఒకరోజు అది మధ్యాహ్నమే ఇంటికొచ్చి, చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలో నిలబడింది. హెచ్ఐవి ఉన్న సూది రెండు గ్లౌజులనూ దాటి వేలికి గుచ్చుకుంది. వైరస్ అంటుకోకుండా వెంటనే మాత్రలు మొదలుపెట్టారు, నాలుగు వారాలు మింగాలి. "పనిచేస్తాయి కదే?" అంటే, "చాలామటుకు చేస్తాయి పెద్దమ్మా" అంది. ఆ 'చాలామటుకు' ఎంతో నేను రాత్రంతా లెక్కేసుకున్నాను.

మూడో వారంలో జ్వరం వచ్చింది. ఒళ్లునొప్పులు, గొంతునొప్పి. ఒంట్లో హెచ్ఐవి పాతుకునేటప్పుడూ అచ్చం ఇలాగే ఉంటుందని అదే చెప్పింది, చెప్పి గోడవైపు తిరిగి పడుకుంది. చెల్లెలు లేచి వెళ్లి వేపమండలు తెచ్చి వీధిగుమ్మానికి కట్టేసింది. అమ్మవారు పోసిందనుకుంటే ఎవరూ గడప తొక్కరు, ఏమీ అడగరు. సూది గుచ్చుకుందంటే నమ్మేదెవరు? ఆ జబ్బు పేరు వింటే పిల్ల నడతను తవ్వుతారు. "నేను వైరస్‌ల మీద డాక్టరేట్ చేస్తే నా గుమ్మానికి వేపాకా అమ్మా?" అని పిల్ల జ్వరంలోనే నవ్వింది. "నీ చదువు లోపలి పురుగుకే. నా వేపాకు బయటి నోళ్లకి. చుమ్మా, ఊరికే పడుకో" అంది చెల్లెలు. పక్కింటావిడ రోడ్డు మీదనుంచే, "ఏందక్కా, అమ్మోరా? నేనాడికి రాను, ఈడనే మజ్జిగ పెట్టిపోతా" అని చెంబు మెట్టుమీద ఉంచి పోయింది. లోపల చెల్లెలు దేవుడి పటం ముందు కూర్చుని, "తల్లీ, ఇది ఫ్లూ అయ్యేట్టు చూడు" అని మొక్కుకుంటోంది. బిడ్డకు రోగం రమ్మని మొక్కిన ఇల్లు మాదొక్కటే అయ్యుంటుంది.

జ్వరం రాగానే పిల్ల ఇచ్చివచ్చిన నమూనాను పరీక్ష చేసినవాళ్లు మర్నాడు ఫోన్ చేశారు. పిల్ల వింటూ వింటూ, "పాజిటివా? కన్ఫర్మా?" అంది. చెల్లెలు తలుపు పట్టుకుని అలాగే కిందికి జారిపోయింది. పిల్ల తిరిగి చూసి, "అయ్యో, ఫ్లూ అమ్మా! ఫ్లూ పాజిటివ్!" అని అరిచింది. "పాపిష్టిదానా, ఆ ముక్క ముందు చెప్తే నీ నోరు పోతుందా?" అని చెల్లెలు దాన్ని కొట్టి, వాటేసుకుని ఏడ్చి, పాయసానికి పాలు తేవడానికి పరుగెత్తింది.

నాకు లెక్క తెగలేదు. "ఫ్లూ ఉందంటే రెండోది లేనట్టేనా?" అని మెల్లగా అడిగాను. పిల్ల మొహంలో నవ్వు ఆగిపోయింది. "కాదు పెద్దమ్మా. రెండూ ఉండొచ్చు. ఖాయంగా తెలియాలంటే మూడు నెలలు కావాలి. అమ్మకు చెప్పొద్దు" అంది. చెప్పలేదు. ఆ సాయంత్రం ముగ్గురం పాయసం తిన్నాం. తర్వాత అది ఎప్పుడు దగ్గినా, గ్రంథులు వాచాయేమోనని మెడ తడుముకున్నా, అదీ నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్లం. చివరి పరీక్షలో ఏమీ లేదని తేలిన రోజున కూడా వంటింట్లోనే, చెల్లెలికి వినబడకుండా, చేతులు పట్టుకుని నిలబడ్డాం. మర్నాటినుంచి అది మళ్లీ అదే ప్రయోగశాలకు, అదే పనికి వెళ్లింది. చెల్లెలు ఇప్పుడిది చదివి నన్ను తిడుతుంది. తిట్టనీ. ఒకే ఇంట్లో, ఒకే క్యాలెండరు కింద, చెల్లెలికి ఆ మూడు నెలలు పండగల్లా గడిచిపోయాయి, మా ఇద్దరికీ మాత్రం ఒక్కో రోజూ 'ఉందా, లేదా' అని అడుగుతూనే తెల్లవారింది.