అంకిత పేరు మీద నా లగ్గం

నా పేరు రేణుక. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. తర్వాత చెప్పడానికి వీలు పడదు.

మాది ఇబ్రహీంపట్నం. మా బాపు బాలనర్సింహ బోరు మోటార్లకు వైండింగ్ చేస్తాడు. నేను శేరిగూడలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో బస్సుల పని చూస్తాను. పని అంటే మరేం లేదు, పొద్దున లేచిన దగ్గర్నుంచి డ్రైవర్లతో కొట్లాట. బడంగ్‌పేట్ బస్సు దారిలో ఆగిపోతే ఆ పిల్లల కోసం జల్‌పల్లి బస్సును మళ్లించాలి. మళ్లించినందుకు ఆ డ్రైవరు చేత మాటలు పడాలి. పడ్డవాటికి రెండింతలు తిరిగి అనాలి. ఇన్నేళ్లలో నా వల్ల ఒక్క పిల్ల కూడా పరీక్షకు ఆలస్యం కాలేదు. గొప్పకు చెప్పుకోవడం కాదు. అయినా గొప్పే.

అందుకే లగ్గం ఖాయమైన రోజే ఇంట్లో అందరికీ చెప్పేశాను.

"పనులన్నీ నేనే చూస్కుంట. ఎవ్వలు నడుమల వేలు పెట్టొద్దు."

బాపుకు ప్రాణం లేచొచ్చింది. ఎవరికైనా కాదని చెప్పడం ఆయనకు రాదు. టెంటువాడు నా పెళ్లికి నల్లగుడ్డ కడతానన్నా "కట్టు తియ్యి" అనే రకం. మా అమ్మ జంగమ్మ మాత్రం బుగ్గ మీద వేలేసుకుంది.

"ఆడిపిల్ల తన లగ్గం తనే చేసుకుంటదా? నలుగురు వింటె ఏమంటరే?"

"మస్తు తెలివి గల్ల పిల్ల అంటరు" అన్నాను.

సాగర్ రోడ్డు మీద ఫంక్షన్ హాలు నేనే మాట్లాడాను. బగారన్నం ముద్దయితే గరిటె గుంజుకుంటానని వంటాయనను బెదిరించాను. ఆయన నవ్వుతూ దండం పెట్టాడు. కుమ్మరోళ్లింటికి నేనే పోయి పెళ్లికి కావాల్సిన ఐరేని కుండలు చెప్పి, వాటి మీద ఏ రంగులు వేయాలో కూడా చెప్పి వచ్చాను. హాలు ముందు పెట్టే బోర్డుకు బంతిపూలు వద్దు, చామంతులే కావాలని పూలాయనతో పంచాయితీ పెట్టుకుని గెలిచాను.

పిల్లాడి పేరు మహిధర్. లిఫ్టులు బాగు చేస్తాడు. వాళ్లది యాచారం పక్కన పల్లె, ఇప్పుడు బడంగ్‌పేట్‌లో ఇల్లు కట్టుకున్నారు. చూడ్డానికి వచ్చిన రోజు వాళ్లమ్మ నా గడ్డం పట్టుకుని, "నీ పేరేంది బిడ్డా?" అని అడిగింది. చెప్పాను. ఆమె పకపకా నవ్వింది.

"అరె, నా పేరే గద! నేను రేణుకమ్మనే."

నాకూ నవ్వొచ్చింది. అత్తాకోడళ్లకు అప్పుడే కుదిరిందని అమ్మ సంబరపడింది. ఆ నవ్వు నా కొంప ముంచుతుందని మాకేం తెలుసు!

లగ్నపత్రిక రాసుకోవడానికి రెండు వైపుల పెద్దలూ మా ఇంట్లోనే కూర్చున్నారు. నేను వంటింట్లో చాయ్ పోస్తున్నాను. పంతులు కలం తీసి అమ్మాయి పేరు అడిగాడు. బాపు చెప్పాడు. అప్పుడు లేచింది మా పెద్దబాపు గొంతు. పేరు ఎల్లస్వామి, బాపుకు సొంత అన్న. ఊళ్లో ఏ లగ్గమైనా ఆయన ఒక అడ్డుపుల్ల వేయకపోతే అన్నం అరగదు.

"ఆగుండ్రి, ఆగుండ్రి. అత్త రేణుకమ్మ, కోడలు రేణుక. రేపు పిలగాడు పెండ్లాన్ని ఎట్ల పిలుస్తడు? తల్లి పేరు పెట్టి పిలుస్తడా? కోపంల ఒక మాట అంటె అది ఎవలకు తగుల్తది?"

వచ్చినవాళ్లు అడగనే లేదు. అడిగింది మావాడు! కానీ ఒకసారి అనేశాక అందరికీ అది నిజంగా కనపడింది. అవ్, అవ్ అని తలలూపారు. పంతులు పంచాంగం తిప్పి, 'అ'తో మొదలయ్యే పేరయితే పిల్లాడికి బాగా కలిసొస్తుందన్నాడు. ఇక చూడాలి వాళ్ల హుషారు! ఒకరు అనసూయ అన్నారు, ఒకరు అరుణ అన్నారు. అంగట్లో కొన్న దూడకు పేరు పెట్టినట్టు పెడుతున్నారు. చివరికి మహిధర్ అక్క సునంద "అంకిత అయితె మంచిగుంటది" అంది. అందరూ బాగుందన్నారు. పంతులు రాసేశాడు.

నేను చాయ్ పళ్లెం పట్టుకునే బయటికి వచ్చాను.

"నా పేరు నాకు మంచిగనే ఉన్నది" అన్నాను.

పెద్దబాపు నవ్వాడు. "ఓసి పిచ్చిదానా, నీ పేరు ఎవలు గుంజుకుంటున్నరే? ఆధార్ల అట్లనే ఉంటది. గిది ఇంట్ల పిలిచేటందుకే."

"ఇంట్ల పిలువని పేరు ఎందుకు పెద్దబాపు?"

నేను బాపు వైపు చూశాను. ఆయన తన గోళ్లలో ఇరుక్కున్న వార్నిష్ వైపు చూసుకుంటున్నాడు.

"నువ్వన్న చెప్పు బాపు."

"మంచిగనే ఉన్నది గద బిడ్డా... అంకిత" అన్నాడు.

నాకు తల కొట్టేసినట్టయింది. చాయ్ పళ్లెం అక్కడే పెట్టి లోపలికి వచ్చేశాను.

అమ్మ కొట్లాడుతుందనుకున్నాను. ఎందుకంటే ఈ పేరు అమ్మ మొక్కుకుని తెచ్చుకున్నది. నాకంటే ముందు పుట్టిన ఇద్దరు దక్కలేదట. నేను కడుపులో ఉన్నప్పుడు రేణుక ఎల్లమ్మకు మొక్కింది, బతికితే నీ పేరే పెట్టుకుంటానని. చిన్నప్పుడు నాకు జ్వరమొస్తే మందు తర్వాత, ముందు నా పేరు మూడుసార్లు పిలిచి పసుపు పెట్టేది. అలాంటి అమ్మ వంటింట్లోకి వచ్చి నా తల నిమిరింది.

"పిలగాడు మంచోడు బిడ్డా. తాగడు, తిరగడు. గింత దానికి చెడగొట్టుకుంటమా?"

"గింత దానికా అమ్మా?"

అమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. "ఎల్లమ్మకు నేను చెప్పుకుంట తియ్యి. ఆ తల్లి ఏమనుకోదు."

నిజంగానే చెప్పుకుంది. పెళ్లికి ముందు బోనం తీసినప్పుడు గుడి ముందు బోర్లా పడి, "తల్లీ, బిడ్డ పేరు మారుస్తున్నం, కోపం చేసుకోకు" అని ఏడ్చింది. నేను పక్కనే నిలబడి ఉన్నాను. నన్ను మాత్రం ఎవరూ కోపం చేసుకోవద్దని అడగలేదు.

మహిధర్‌కు ఫోన్ చేశాను. మంచివాడే, నా మాట మొత్తం విన్నాడు.

"నాకేం ఫికర్ లేదు. ఏ పేరయినా నువ్వే గద. కని అమ్మ పేరు పెట్టి నిన్ను పిలువాల్నంటె నాకే ఎట్లనో అయితది."

"రేణూ అని పిలువు."

అటువైపు ఏదో లిఫ్టు తలుపు మూసుకుంది.

"నాయిన అమ్మను గట్లనే పిలుస్తడు" అన్నాడు.

ఏమనాలి? నవ్వాలో ఏడవాలో తెలియక ఫోన్ పెట్టేశాను. తప్పు ఎవరిదైనా ఉంటే ఒంటికాలి మీద లేచేదాన్ని. ఇక్కడ వెతికి వెతికి చూసినా తప్పు చేసినవాడు దొరకడం లేదు, పెద్దబాపు తప్ప. ఆయనేమో కనపడ్డప్పుడల్లా "ఏం అంకితా!" అని నవ్వుతాడు.

కార్డులు వచ్చాయి. కాగితం నేనే ఎంచాను, అక్షరాల రంగు నేనే చెప్పాను. మొదటి కార్డు మా డ్రైవర్లలో పెద్దవాడైన హన్మంత్ అన్నకు ఇచ్చాను. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని మెల్లగా చదివాడు.

"మీ చెల్లె లగ్గమా మేడం? మరి మీదెప్పుడు?"

నాకు చెల్లెలే లేదు. విషయం మొత్తం విప్పి చెప్పాను. అందరికీ ఇలా చెప్పుకుంటూ తిరగడం నా వల్ల కాదనిపించింది. మిగిలిన కార్డులు టేబుల్ సొరుగులో పడేశాను. డ్రైవర్లను నోటితోనే పిలిచి, హాలు ఎక్కడుందో ఫోన్‌లో లొకేషన్ పంపాను.

పెళ్లి బట్టలకు రెండు కుటుంబాలూ కలిసి దిల్‌సుఖ్‌నగర్ పోయాం. అత్తమ్మ నా పక్కనే కూర్చుని చీరలు చూస్తోంది. ఆమె అన్న కూడా వచ్చాడు. ఆయన అటువైపు నుంచి కేకేశాడు.

"వజ్రా! ఓ వజ్రా! గిటు రా, గీ చీర జూడు!"

"ఆఁ అన్నా" అంటూ అత్తమ్మ చటుక్కున లేచింది. అంత గబుక్కున ఆమె లేవడం నేను ఎప్పుడూ చూడలేదు. తిరిగి వచ్చి కూర్చున్నాక అడిగాను.

"నిన్ను వజ్ర అంటుండేంది అత్తమ్మా?"

"నా పుట్టిన పేరు బిడ్డా. వజ్రమ్మ. మా అత్త పేరు గూడ గదే. అందుకే లగ్గంనాడు నన్ను రేణుకను చేసిన్రు."

నా ప్రాణం లేచి కూర్చుంది! ఆ అత్త చనిపోయి చాలా కాలమైంది. అంటే ఇప్పుడు ఆ ఇంట్లో వజ్రమ్మ లేదు. ఎవరి పేరు వాళ్లు తీసుకుంటే గొడవే లేదు. బస్సు మళ్లించినంత తేలిక. ఇది ఇన్ని రోజులు ఎవరికీ ఎలా తోచలేదు? నేను అత్తమ్మ చేయి పట్టేసుకున్నాను.

"అయితె నీ పేరు నువ్వు తీస్కో అత్తమ్మా! నా పేరు నాకుంటది. ఇద్దరికీ మంచిదే గద. కార్డులు మళ్ల కొట్టిస్త. అందరికీ నేనే చెప్త, నువ్వేం పరేషాన్ కాకు."

ఆమె నవ్వుతుందనుకున్నాను. ఒళ్లో ఉన్న చీర అంచును వేలితో సాపు చేసింది.

"ఇంట్ల గోడకు మా అత్త ఫొటో ఉన్నది బిడ్డా. దాని కింద వజ్రమ్మ అని రాసి ఉన్నది. నన్నిప్పుడు గా పేరుతోని పిలిస్తె మీ మామకు తల్లి యాదికొస్తది, నేను కాదు. మా అన్న ఒక్కడు పిలుస్తడు. ఆయన పోతె గది గూడ ఉండది." చీర మడిచి పక్కన పెట్టింది. "కొత్తల రేణుకా అంటె పలుకకపోతుంటి. చెవుడా అని మా అత్త తిడుతుండె. ఎప్పుడు అలవాటయ్యిందో నాకే తెల్వది. ఒక పేరు పోగొట్టుకున్న. ఇగ రెండోది గూడ ఇడిచిపెట్టమంటవా?"

ఆమెతో కొట్లాడదామంటే కోపం రావడం లేదు. ఆమె స్థానంలో నేనున్నా ఇవ్వను. ఆ సంగతి నాకు అక్కడే, ఆ చీరల మధ్యలోనే తెలిసిపోయింది. అంతకంటే దిక్కులేనితనం ఏముంటుంది? ఇంతలో ఎవరో ఎర్రచీర నా భుజాన వేసి చూశారు. బాగుందన్నారు. నేనూ బాగుందన్నాను.

పెళ్లిరోజు నేను చెప్పినవన్నీ చెప్పినట్టే జరిగాయి. బగారన్నం పలుకు పలుకుగా ఉందట. కుండల మీద రంగులు మెరిసిపోయాయి. హాలు ముందు చామంతులతో "మహిధర్ – అంకిత" అని పెద్ద బోర్డు. ఎంత అందంగా ఉందో! పూలాయన ఆ ఫొటో తన ఫోన్‌లో పెట్టుకున్నాడు.

కన్యాదానం దగ్గర పంతులు మైకులో మా ముత్తాత పేరు చదివాడు. తాత పేరు చదివాడు. బాపు పేరు చదివాడు. అన్నీ సరిగ్గానే చదివి, నా దగ్గరికి వచ్చేసరికి "అంకితా నామ్నీం" అన్నాడు. బాపు నా చేయి పట్టుకున్నాడు. ఎవరి చేతిని ఇస్తున్నావు బాపు అని అడగాలనిపించింది. అన్ని పీటల మధ్య, అంత పొగలో ఏం అడుగుతాం!

డ్రైవర్లు రాలేదు. వాళ్ల కోసం తలంబ్రాల దాకా తలుపు వైపు చూస్తూనే ఉన్నాను. ఆ రోజు హన్మంత్ అన్నకు డ్యూటీ ఉంది, మిగతా అందరూ బయలుదేరారు. అప్పగింతలయ్యాక కారులో, అమ్మ నా ఒళ్లో పెట్టిన సంచిలోంచి ఫోన్ తీసి చూస్తే అన్నీ వాళ్లు చేసిన కాల్సే. ఒకతను మెసేజ్ కూడా పెట్టాడు. లొకేషన్ దగ్గర పక్కపక్కనే రెండు హాళ్లున్నాయట. ఒకదాని మీద అంకిత అని ఉందట, ఇంకోదాని మీద ఇంకెవరిదో పేరు. మీ పేరు ఏడ లేదు మేడం, చాలాసేపు జూసి ఎల్లిపోయినం, ఏమనుకోవద్దు అని. రోజూ నేను దారి చెప్పే మనుషులు. నా హాలు ముందు దాకా వచ్చి, నా పెళ్లి కాదనుకుని తిరిగి వెళ్లిపోయారు. కారులో ఏడ్చాను. పుట్టింటి మీద బెంగ అనుకుని మహిధర్ నీళ్ల సీసా ఇచ్చాడు.

బడంగ్‌పేట్‌లో ఇంటి ముందు దిగాం. గడప దగ్గర సునంద రెండు చేతులూ చాచి అడ్డం నిలబడింది. ఆడబిడ్డ హక్కు అది. పేర్లు చెప్పనిదే లోపలికి పోనివ్వరు. వెనకాల అత్తమ్మ హారతి పళ్లెం పట్టుకుని ఉంది. ముందు మహిధర్‌ను అడిగారు. అతను సిగ్గుపడుతూ, "నేను, నా భార్య అంకిత వచ్చినం" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

"ఇప్పుడు నువ్వు" అంది సునంద.

కావాలని కాదు. అమ్మ తోడు, కావాలని కాదు. పుట్టినప్పటి నుంచి అలవాటైన నోరు.

"నేను రేణుక, నా భర్త మహిధర్..."

మాట పూర్తికాలేదు. సునంద పొట్ట పట్టుకుని నవ్వింది.

"రేణుకమ్మ ఇంట్లనే ఉన్నది గద! మరి బయట నిలవడ్డదెవలు?"

ఇల్లంతా గొల్లుమంది. మహిధర్ నవ్వాడు, మామ నవ్వాడు, మేడ మీద నుంచి తొంగిచూస్తున్న వాళ్లు కూడా నవ్వారు. నేను అత్తమ్మ వైపు చూశాను. ఆమె ఒక్కతే నవ్వలేదు. నా కళ్లలోకి చూడలేక హారతి గాలికి ఆరకుండా చేయి అడ్డం పెట్టుకుంది.

"చెప్పు బిడ్డా" అంది మెల్లగా. "చెప్పకుంటె ఇంట్లకు రానియ్యరు. నేను గూడ చెప్పిన."

అందరూ నా నోటి వైపు చూస్తున్నారు.

"నేను అంకిత" అన్నాను. "నా భర్త మహిధర్, నేను వచ్చినం."

"గట్లనా? రా మరి" అని సునంద పక్కకు జరిగింది.