చెవి దగ్గర వంచిన తగరం

ఇత్తడి అండాలో చారు కాచి, చిత్తూరు కోర్టు దగ్గర భోజనం అమ్మి నా కూతుర్ని పెంచాను. చింతపండు తగిలితే ఇత్తడికి చిలుము వస్తుంది. అందుకని లోపల తగరం పూయిస్తాం. ఆ పూతనే కళాయి అంటాం. ఏడాదికోసారి ఒక ముసలి భాయ్ వచ్చి పూసి పోతాడు.

ఆ ఏడు ఆయన పూసి వెళ్లిన వారానికి నా కూతురు కాన్పుకి వచ్చింది. శ్రీసిటీలో సెల్‌ఫోన్ బోర్డులకు టంకం వేసే ఫ్యాక్టరీలో దాని పని. రెండు రోజులు చారన్నం తిన్నది. మూడో రోజు అండాలోకి తొంగి చూసి గంటె కింద పెట్టేసింది.

"మా, ఇది తగరమేనా? సీసం కలిపినాడేమో అడిగితివా?"

"సీసమైతే యేమి?"

"కడుపులో బిడ్డకి మంచిది కాదు. మా టంకంలో గూడా సీసం లేకుండా చేస్తారు. సీసం అగ్గువ, తగరం రేటు జాస్తి. పూసినాక రెండూ ఒకే మాదిరి ఉంటాయి."

"అయితే చింతపండు వేసి మూడు తూర్లు కాగబెడతాలే. సీసముంటే మాడి పోతాది" అన్నాను.

అది నవ్వింది. "నువ్వు అయిదో క్లాసు దాకా లెక్కలు చేసినావు గదా, విను. ప్రతిదాంట్లో కంటికి కనపడని పరమాణువులుంటాయి. వాటి నడిమధ్యలో ప్రోటాన్లని ఉంటాయి. యాభై ఉంటే తగరం. ఎనభై రెండు ఉంటే సీసం. నువ్వు కాగబెట్టు, కరగబెట్టు, పొడి చెయ్యి, ఆ లెక్క మారదు. లెక్క మారనంతవరకు అది సీసమే."

"ఆడికి పొయ్యి లెక్కబెట్టినోడెవుడే?"

"యెవుడో ఒకడు. నువ్వు ముందు ఆ భాయిని అడుగు పో."

అప్పటినుంచి నాకు అన్నీ అనుమానాలే. ఈసారి పూత కొంచెం నల్లగా లేదూ? టీ ఇస్తే వద్దని తొందరగా వెళ్లిపోయాడెందుకు? ఇన్నేళ్లూ గుర్తుకు రానివన్నీ తప్పుల్లా గుర్తొచ్చాయి.

మర్నాడు పక్క వీధిలో తిత్తి ఊదుతూ కనిపించాడు.

"భాయ్, నువ్వు పూసేది తగరమేనా?"

"ముప్పై ఏండ్లు చారు తాగి ఇప్పుడా చెల్లెమ్మా అడిగేది?" నవ్వి సంచిలోంచి చిన్న ముక్క తీశాడు. నా చెవి దగ్గర పెట్టి వంచాడు. కిర్రుమంది. చెక్కలో పురుగు కొరికినట్టు. "తగరం వంచితే ఏడుస్తాది. సీసం ఏడవదు."

నా అనుమానం ఇంకా పెరిగింది. "ఇది పాత ముక్క. మా అండాకి పూసింది యాది?"

ఆయన నవ్వు ఆగింది. కొత్త కడ్డీ తీసి వంచాడు. చప్పుడు లేదు. నేను చెవి ఆనించాను. మళ్లీ వంచాడు. లేదు. పేపరు మీద గీస్తే నల్లటి గీత పడింది.

"ఇది సీసం కలిపిందే. నేను తగరం కొనే పాతంగడి మూసేసినారు. కొత్తోడి కాడ వంచి సూడకుండా తెచ్చినా" అన్నాడు మెల్లగా.

నాటకం ఆడుతున్నాడేమో అనుకున్నాను. ఆయన బొగ్గుల మీద నీళ్లు కుమ్మరించి లేచాడు.

"యాడికి?"

"దీంతో నీది కాకుండా ఇంకా ఐదిండ్లలో పూసినా. వండద్దని సెప్పి రావాల. అన్నీ గీకి మళ్లా పూయాల."

చెప్తాడో, అటునుంచి అటే పోతాడో అని వెనకే వెళ్లాను. మొదటి ఇంటి తలుపు కొట్టాడు. తప్పు తనదేనన్నాడు. ఆ ఇంటావిడ నానా మాటలు అంది. తల వంచుకుని విని, రెండో ఇంటికి నడిచాడు. నేను అక్కడినుంచి వెనక్కి తిరిగాను.

ఇంటికొచ్చి అండా బోర్లించాను. స్టీలు గిన్నెలో చారు పెట్టాను. నా కూతుర్ని డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయి ఉన్నది ఉన్నట్టు చెప్తే రక్తం పరీక్ష చేయించింది. భయం లేదంది.

పది రోజులకు భాయ్ కొత్త కడ్డీతో వచ్చి, పాత పూతంతా గీకి కూర్చున్నాడు. పూయబోయే ముందు కడ్డీ నా చేతికే ఇచ్చాడు. వంచాను. కిర్రుమంది. నా కూతురు కడుపు పట్టుకుని వంగి చెవి పెట్టింది.

"ఇంకోసారి వంచు మా" అంది.